అదే హుక్కు, అదే ఊలు... మరి ఆరంగుళాలు ఎక్కడివి?

క్రోషే హుక్కుతో టాప్ అల్లడం గురించి రాసిన దగ్గర్నుంచి నాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: కొలత కుదరలేదు. కొందరికి పెద్దదైంది, కొందరికి పిల్లల బొమ్మకి తొడిగేలా వచ్చింది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి గేజ్ సంగతి, అంటే ఇన్ని అంగుళాలకు ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడతాయన్న లెక్క ఒక్కటే తీసుకుంటున్నాను. చదివేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు ఉంచుకోండి. ఏళ్ళ తరబడి క్రాఫ్ట్ టీచరుగా పనిచేసినదాన్ని, లెక్క చెయ్యమని చెప్పకుండా వదలను.

ప్రశ్న: టీచరు గారూ, ఇంటర్ చదివే మా అమ్మాయికి ఛాతీ 36 అంగుళాల టాప్ అల్లాను. ప్యాటర్న్‌లో చెప్పినట్టే 5 ఎం.ఎం. హుక్కు, చెప్పినట్టే 4వ నంబరు మందం ఊలు వన్‌టౌన్‌లో వెతికి కొన్నాను. మొత్తం 126 కుట్లు, తేడా లేకుండా లెక్కపెట్టాను. తీరా ముందు భాగం, వెనక భాగం కలిపి చూస్తే 42 అంగుళాలు ఉంది. అమ్మాయి ‘నైటీనా అమ్మా ఇది’ అంటోంది. ఎక్కడ తప్పు చేశాను?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ లెక్క సరిగ్గానే ఉందమ్మా. ప్యాటర్న్ రాసినావిడ చెయ్యి వేరు, మీ చెయ్యి వేరు. ఆవిడ దారాన్ని కాస్త బిగువుగా లాగుతుంది, మీరు వదులుగా అల్లుతారు. హుక్కు మందం కంపెనీవాడు కొలిచి ఇస్తాడు గానీ చేతి బిగువు ఎవరిది వాళ్ళకే.

మీ ప్యాటర్న్ మొదట్లో, హుక్కు నంబరు కింద, ఒక చిన్న లైను ఉండే ఉంటుంది, చూడండి: 4 అంగుళాలకు 14 కుట్లు, 8 వరసలు, డబుల్ క్రోషే (అల్లాల్సిన కుట్టు పేరు). దాన్నే గేజ్ అంటారు. ప్యాటర్న్‌లో ఉన్న కుట్ల సంఖ్యలన్నీ ఆ లైను మీద ఆధారపడి వేసినవే. 4 అంగుళాలకు 14 అంటే అంగుళానికి మూడున్నర కుట్లు. 36 అంగుళాలకు 126. మీకు 126 కుట్లకు 42 అంగుళాలు వచ్చిందంటే అంగుళానికి మూడే పడుతున్నాయి, 4 అంగుళాలకు 12. తేడా రెండే రెండు కుట్లు. అవే ఛాతీ చుట్టూ తిరిగేసరికి ఆరంగుళాలయ్యాయి.

కుట్టు పని తెలిసిన ఏ టైలరూ ఆది జాకెట్టు లేకుండా గుడ్డ కత్తిరించదు కదా. అల్లికకు ఆ ఆది మీరే అల్లుకోవాలి. పద్ధతి చెబుతాను.

టాప్‌కి వాడబోయే ఊలే, అదే రంగు, అదే హుక్కు, అదే కుట్టు తీసుకోండి. నలుపు ఊలు ఒక్కోసారి తెలుపుకన్నా వేరే బిగువులో వస్తుంది, కాబట్టి మిగిలిపోయిన ఏదో ఉండతో చేస్తే లాభం లేదు. ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ముక్క అల్లండి. ఈ ప్యాటర్న్‌కైతే 21, 22 కుట్లు సరిపోతాయి. నాలుగంగుళాలు కొలవడానికి ఆరెందుకు అంటారా? అంచులు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. కింద మొదటి గొలుసు బిగిసి ముక్కను లోపలికి లాగుతుంది, పక్కల వరస తిప్పిన చోట వంకర వస్తుంది. నడిమధ్య ఉన్న నాలుగంగుళాలే నమ్మదగినవి.

ముక్క పూర్తయ్యాక టాప్‌ను ఎలా ఉతుకుతారో దీన్నీ అలాగే ఉతకండి. తువ్వాలు మీద పరిచి, లాగకుండా, నీడలో ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. అక్రిలిక్ ఊలు అయితే దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకండి. చచ్చుబడి మెరుస్తుంది, ఇక మళ్ళీ లేవదు. ఆరాక బల్ల మీద పరిచి, పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలవండి. పాత టేపులు సాగిపోయి ఉంటాయి, వాటి మాట నేను వినను. సున్నా దగ్గర ఒక గుండుసూది, నాలుగు దగ్గర ఇంకోటి గుచ్చి మధ్యలో కుట్లు లెక్కపెట్టండి. సగం కుట్టు వస్తే సగమనే రాసుకోండి, ‘పర్లేదులే’ అని వదిలేయకండి. ముక్క మీద ఇంకో రెండు చోట్ల కూడా కొలిచి సరిచూసుకోండి.

ఒక్క అంగుళంలో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే బద్ధకం మాత్రం వద్దు. ఒక్క అంగుళంలో మూడుకీ మూడున్నరకీ తేడా కంటికి ఆనదు. 36 అంగుళాల మీద ఆ అర కుట్టు 18 కుట్లవుతుంది.

ఇప్పుడు ప్యాటర్న్‌లో 14 ఉంటే మీకు 12 వచ్చింది. తక్కువ కుట్లు పట్టాయంటే మీ కుట్టు పెద్దది. కాబట్టి 4.5 ఎం.ఎం. హుక్కుతో ఇంకో ముక్క అల్లండి, అప్పటికీ కుదరకపోతే 4 ఎం.ఎం. 14 కన్నా ఎక్కువ వస్తే పెద్ద హుక్కుకి వెళ్ళాలి. బలవంతంగా చెయ్యి బిగించి అల్లుదామనుకోకండి. ఐదు వరసలు బిగువుగా వస్తాయి, ఆరో వరసకి టీవీలో సీరియల్ మొదలవుతుంది, చెయ్యి మళ్ళీ తన దారికి తాను వచ్చేస్తుంది.

హుక్కు మార్చడం ఇష్టం లేదా? 5 ఎం.ఎం.తో వచ్చిన గుడ్డ మెత్తగా, వంపుగా మీకు నచ్చిందా? అయితే ఇంకో దారి ఉంది. మీ చేతికి అంగుళానికి 3 కుట్లు, 36 అంగుళాలకు 108 కావాలి. ప్యాటర్న్‌లో దానికి దగ్గరగా ఏ సైజు ఉందో చూడండి. 32 సైజుకు 112 కుట్లు ఉంటాయి. మీ చేతిలో అది 37 అంగుళాల పైచిలుకు వస్తుంది, కాస్త వదులుగా బాగుంటుంది. అంటే 32 సైజు కుట్లతో అల్లుతూ, పొడవు మాత్రం 36 సైజుకు చెప్పిన అంగుళాలకు తెచ్చుకోవాలి.

ఇక ఇప్పటికే అల్లిన టాప్. మీ ఇంట్లో 42 కొలత ఉన్న వదినగారో ఆడపడుచో ఉంటే ఆవిడ అదృష్టం. లేకపోతే విప్పేయండి. విప్పిన ఊలును కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. మెలికలు చాలావరకు పోతాయి. మెలికల ఊలుతో గేజ్ ముక్క అల్లితే ఆ కొలతా తప్పే వస్తుంది, అందుకే ఈ పని ముందు.

ప్రశ్న: నాకు 14 కుట్లు సరిగ్గా వచ్చాయి. వరసలు మాత్రం 8 రావలసిన చోట తొమ్మిదిన్నర వస్తున్నాయి. హుక్కు మారిస్తే కుట్లు పాడవుతున్నాయి. ఏం చేయను?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వెడల్పు హుక్కు చేతిలో ఉంటుంది, ఎత్తు మీ మణికట్టు చేతిలో ఉంటుంది. కుట్టులోకి హుక్కు దూర్చి దారం బయటికి లాగుతారే, ఆ మొదటి లూపును గమనించండి. దాన్ని కిందికి నొక్కి పట్టేవాళ్ళకు పొట్టి కుట్లు వస్తాయి, పైకి ఎత్తి లాగేవాళ్ళకు పొడుగువి. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే హుక్కుతో ఒకే వెడల్పు వచ్చి, ఎత్తులో మాత్రం తేడా వస్తుంటుంది. కారణం ఈ లూపే. మీరు దాన్ని కొంచెం పైకి ఎత్తడం అలవాటు చేసుకోండి. నాలుగు వరసలు ఎత్తి, నాలుగు వరసలు మామూలుగా అల్లి చూస్తే తేడా మీకే కనబడుతుంది.

అలవాటు మారకపోయినా కొంపలేమీ మునగవు. తిన్నగా పైకి పోయే భాగంలో వరసల్ని వదిలేసి అంగుళాల్ని నమ్మండి. ‘20 వరసలు అల్లండి’ అని ఉంటే, ప్యాటర్న్ గేజ్ ప్రకారం అది 10 అంగుళాలు. మీరు 10 అంగుళాలు వచ్చేదాకా అల్లండి, వరసలు ఎన్నైనా కానివ్వండి.

భుజం దగ్గర మాత్రం అలా వదలకూడదు. మెడ నుంచి కిందికి పెంచుకుంటూ వచ్చే టాపుల్లో కుట్లు పెంచడం వరసల లెక్క మీద నడుస్తుంది. 16 వరసల యోక్, అంటే మెడ నుంచి చంక దాకా ఉండే భాగం, ప్యాటర్న్ ప్రకారం 8 అంగుళాలు. మీ చేతిలో అది ఆరూముప్పావే. చంక కింద పట్టేసి చెయ్యి పైకి లేవదు. పెంచని వరసలు మూడు మధ్యమధ్యలో కలపండి. 19 వరసలకు మీ చేతిలో సరిగ్గా 8 అంగుళాలవుతుంది.

ప్రశ్న: ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అని ఉంది. నేను అదే అల్లాను. వాళ్ళు చెప్పిన ఎత్తుకు నాది దాదాపు రెండింతలు వస్తోంది. హుక్కు ఎంత తగ్గించినా లాభం లేదు.
– తెనాలి

జవాబు: హుక్కు జోలికి పోకండి. అది బ్రిటన్ ప్యాటర్న్ అయి ఉంటుంది. వాళ్ళ డబుల్ క్రోషే అంటే మనం అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్న సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు. వాళ్ళ ట్రెబుల్ మన డబుల్. పోల్చుకోవడం తేలిక: ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే అనే మాట కనబడితే అది అమెరికా పద్ధతి, బ్రిటన్ పద్ధతిలో ఆ మాటే లేదు. గేజ్ ఉండాల్సిన చోట టెన్షన్ అని రాసుంటే అదీ బ్రిటన్ గుర్తే. ఇంకో సంగతి, వాళ్ళు 10 సెంటీమీటర్లకు కొలుస్తారు. నాలుగంగుళాలకూ దానికీ మిల్లీమీటరున్నర తేడా. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా కోడలికి ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డకు టోపీ అల్లుదామని మీరు చెప్పినట్టే చదరం ముక్క అల్లి గేజ్ చూసుకున్నాను. అయినా టోపీ బిగువుగా వచ్చింది. చదరం ముక్క అబద్ధం చెప్పిందా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: నాయనమ్మ కాబోతున్నారన్నమాట, సంతోషం. ముక్కది తప్పు లేదండీ. దాన్ని మీరు వెనక్కీ ముందుకీ తిప్పి అల్లారు, టోపీని గుండ్రంగా, తిప్పకుండా అల్లారు. తిప్పినప్పుడు ఒక వరస మంచి వైపు, ఇంకో వరస వెనక వైపు కనబడతాయి. గుండ్రంగా పోతే అన్నీ మంచి వైపే. చాలామంది చేతుల్లో ఈ రెండింటికీ బిగువు మారిపోతుంది. గుండ్రంగా అల్లే వస్తువుకు గేజ్ కూడా గుండ్రంగానే చూసుకోవాలి.

టోపీకి అసలు వేరే ముక్క ఎందుకు? పైన అల్లే బిళ్ళే గేజ్ ముక్క. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, అంటే 14 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. టోపీ తల మీద నిలవాలంటే ఒక అంగుళం తక్కువ, 13 అంగుళాలు ఉండాలి. 13ని 3.14తో భాగిస్తే 4.1. బిళ్ళ అడ్డంగా నాలుగంగుళాల పైచిలుకు రాగానే కుట్లు పెంచడం ఆపి, తిన్నగా కిందికి దిగండి. బిళ్ళను బల్ల మీద చదునుగా పరిచి కొలవండి. అంచులు గిన్నెలా లేస్తుంటే కుట్లు తక్కువ పెంచారని, కుచ్చిళ్ళుగా ముడతలు పడుతుంటే ఎక్కువ పెంచారని. నెల నెలకీ పిల్లల తల పెరుగుతుంది కాబట్టి ఇంకో టోపీ అర అంగుళం పెద్ద బిళ్ళతో అల్లి ఉంచండి. మన ఊళ్ళ ఎండలకు మెత్తటి కాటన్ దారమే మంచిది, ఊలు టోపీ పెట్టి పసివాణ్ణి ఉడకబెట్టకండి.

ప్రశ్న: మా అత్తగారిది నర్సాపురం పక్క పల్లె. పన్నెండేళ్ళప్పటి నుంచి లేసు అల్లారు. గేజ్ గురించి చెబితే ‘మేం ఏనాడైనా కొలిచామా’ అని నవ్వుతున్నారు. ఆవిడ టేబుల్ క్లాత్ చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. మరి మనకెందుకు ఈ కొలతలు?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ముందుగా మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ నవ్వడంలో న్యాయముంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాల్లో నేర్పిన ఈ అల్లికను అక్కడి ఆడవాళ్ళు ఇంటి అరుగుల మీద కూర్చుని విదేశాలకు పంపేదాకా తెచ్చారు. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే ఆవిడ గేజ్ కొలవలేదన్న మాట నేను ఒప్పుకోను. ఒకే నంబరు దారం, ఒకే సన్న స్టీలు సూది, ఒకే పువ్వు, సంవత్సరాల తరబడి. ఆ చేతికి బిగువు స్థిరపడిపోయింది. పైగా అక్కడ ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతికే పద్ధతి ఉంది. ఒకామె పువ్వు రెండంగుళాలు, ఇంకో ఆమెది రెండుంపావు వస్తే అతికినప్పుడు టేబుల్ క్లాత్ ఉబ్బుతుంది. అందుకే చేతిలో ఒక మాదిరి పువ్వు పెట్టుకుని దానితో పోల్చి చూసుకుంటారు. ఆ మాదిరి పువ్వే వాళ్ళ గేజ్. మీరేమో ఈ నెల లావు ఊలు, వచ్చే నెల కాటన్, ఆ పై నెల మెరుపు దారం పట్టుకుంటారు. మీ చేతికి స్థిరపడే తీరిక ఎక్కడిది?

ఆవిడ దగ్గర గళ్ళ అల్లిక నేర్చుకోండి, పేర్లూ నెమళ్ళూ వచ్చేది. గేజ్ విలువ అందులో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. ఒక డబుల్ క్రోషే, రెండు గొలుసులు, మళ్ళీ డబుల్ క్రోషే వేస్తే ఒక గడి. అది చదరంగా రావాలి. పది గళ్ళ వెడల్పు, పది వరసల ఎత్తు కొలిచి చూడండి. ఎత్తు ఎక్కువైతే నెమలి మెడ కొంగ మెడవుతుంది, తక్కువైతే నెమలి కాస్తా బాతవుతుంది. పైన చెప్పిన ఆ మొదటి లూపు ఎత్తడం, దించడంతోనే సర్దుకోవాలి. మీ అత్తగారి వేళ్ళను పక్కన కూర్చుని చూడండి, ఆవిడ మాటల్లో చెప్పలేనిది అక్కడ కనబడుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను రిటైరయిన బ్యాంకు ఉద్యోగిని, మగవాణ్ణే. మా ఆవిడ దగ్గరే క్రోషే నేర్చుకుని ఆవిడకే శాలువా అల్లుతున్నాను. శాలువాకు సైజు పట్టింపు లేదు కదా, గేజ్ వదిలేయవచ్చా? ఎన్ని ఉండలు కొనాలో మాత్రం తెలియడం లేదు. బీసెంట్ రోడ్డుకు మళ్ళీ మళ్ళీ వెళ్ళలేను.
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మగవాళ్ళు రాయడం నాకు చాలా ఇష్టం, వాళ్ళు లెక్క అడుగుతారు. గేజ్ సైజు కోసం అక్కర్లేదు గానీ ఉండల కోసం కావాలి. ఒక ఉండ కొని 6 అంగుళాల చదరం ముక్క అల్లండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూకం వేయండి. ఉదాహరణకు 9 గ్రాములు వచ్చిందనుకుందాం. ముక్క వైశాల్యం 36 చదరపు అంగుళాలు, అంటే చదరపు అంగుళానికి పావు గ్రాము. శాలువా 60 అంగుళాల పొడవు, 18 వెడల్పు అనుకుంటే 1080 చదరపు అంగుళాలు, 270 గ్రాములు. 50 గ్రాముల ఉండలు ఐదున్నర దాకా పడతాయి. ఆరు సరిపోతాయి, అంచుకు కుచ్చులు వేయాలనుకుంటే ఏడు కొనండి.

అన్నీ ఒకేసారి, లేబుల్ మీద ఒకే లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబరు) చూసి కొనండి. షాపువాడు ‘ఒకటే రంగండీ’ అంటాడు. ట్యూబులైటు కింద ఒకటేలాగే ఉంటుంది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే శాలువా మధ్యలో గీత తేలుతుంది. మీ ఆవిడ ఏమీ అనకపోవచ్చు, పేరంటానికి వచ్చినవాళ్ళు అంటారు.

ప్రశ్న: చలికాలంలో మొదలుపెట్టిన దుప్పటి ఎండాకాలంలో కొనసాగిస్తే అడుగు భాగం వెడల్పుగా, పై భాగం ఇరుకుగా వస్తోంది. కుట్లు అన్నీ ఉన్నాయి.
– పట్నం బజారు, గుంటూరు

జవాబు: మే నెల చెమట చేతుల పని. చెయ్యి తడిగా ఉంటే దారం వేళ్ళ మధ్య జారదు, మీకు తెలియకుండానే బిగుస్తుంది. కరెంటు పోయినప్పుడు అల్లే వరసలు ఇంకా బిగువు, అప్పుడు కోపం కూడా కలుస్తుంది కదా. వేలికి టాల్కం పౌడరు రాసుకోండి, లేదా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అల్లండి. వెదురు హుక్కు వాడేవాళ్ళు ఎండాకాలానికి నున్నటి అల్యూమినియంకు మారినా దారం తేలిగ్గా జారుతుంది. అయితే హుక్కు మారిస్తే గేజ్ కూడా మళ్ళీ చూసుకోవాలి, రెండింటి మీదా అదే 5 ఎం.ఎం. అని రాసున్నా సరే. మధ్యలో ఆగిపోయిన పని ఏదైనా మళ్ళీ పట్టుకునేటప్పుడు రెండు వరసలు అల్లి, పాత వరసల పక్కన స్కేలు పెట్టి చూడండి.

ఇప్పటికే ఇరుకైన భాగం విప్పాల్సిందే. దుప్పటిని ఇస్త్రీతో లాగి సరిచేద్దామని ఎవరో చెప్పారని రాశారు. అక్రిలిక్ మీద ఆ ప్రయోగం చేయకండి, కారణం పైన చెప్పాను.

ప్రశ్న: బొమ్మలకు గేజ్ చూడాలా?
– మంగళగిరి

జవాబు: అక్కర్లేదు. ఏనుగు అరంగుళం పెద్దదైతే ఎవరూ అడగరు. అల్లిక మాత్రం చిక్కగా ఉండాలి, లేకపోతే లోపలి దూది బయటికి కనబడుతుంది. ఊలు లేబుల్ మీద రాసినదానికన్నా ఒకటి రెండు నంబర్లు చిన్న హుక్కు తీసుకోండి. ముక్కను వెలుగుకు అడ్డం పెట్టి వేళ్ళతో కొద్దిగా లాగండి, రంధ్రాలు తెరుచుకుంటే ఇంకా చిన్నదానికి వెళ్ళండి. కళ్ళు తల సగం పైగా అల్లాక పక్కన పెట్టి చూసి కొనండి, ముందే కొంటే పెద్దవో చిన్నవో అవుతాయి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మకు అసలు ప్లాస్టిక్ కళ్ళు వద్దు, నల్ల దారంతో కుట్టేయండి.